ఏనుగూ, అంకుశమూ, పద్దెనిమిది వేలూ

ఆదివారం పూట నేను పెసరట్లు వేస్తుంటే మా ఇంట్లో ఎవరైనా ప్రేమగా వంటింట్లోకి వచ్చి నిలబడ్డారంటే, వాళ్ళకి డబ్బు కావాలని అర్థం. పోయిన నెలలో ఒక ఆదివారం మా అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. రెండో అట్టు దాకా ఏమీ మాట్లాడలేదు. మూడో అట్టు మీద ఉల్లిపాయలు చల్లుతుంటే, "అమ్మా, సైకిల్‌కి బ్రేకులు మార్చాలే" అన్నాడు.

"మార్చుకోరా, దానికి నన్నడగడం ఎందుకు? వందో, రెండొందలో..."

"అవి కాదమ్మా" అంటూ ఫోను చూపించాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. నగల దుకాణం వాళ్ళు హారాన్ని మఖ్‌మల్ గుడ్డ మీద పెట్టి తీసినట్టు తీశారు ఫొటో. ముందు చక్రానికొకటి, వెనక చక్రానికొకటి. రెండూ కలిపి పద్దెనిమిది వేలు.

అట్టు మాడింది.

వాడి సైకిలే నలభై ఐదు వేలు. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నాం. తెల్లవారుజామున ఐదింటికి బెంజ్ సర్కిల్ దగ్గర నలుగురైదుగురు కలుసుకుని, ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని పోతారు. మంచి అలవాటే. బ్యారేజీ మీద తెల్లవారడం చూసే పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు కనుక? ఆ జట్టులో ఇద్దరికి ఈ బ్రేకులు ఉన్నాయట. అసలు సంగతి అక్కడ ఉంది.

పేపరు వెనకనుంచి మా వారి గొంతు వినిపించింది. "తెలుగు బియ్యే చదివావు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టకూడదని తెలీదూ? బ్రేకు విషయంలో లెక్కలు చూస్తారా? ప్రాణం కన్నా డబ్బెక్కువా?"

అయిపోయింది. ఆ చివరి మాటకి ఎదురు చెప్పగల తల్లి లేదు. అందుకే దాన్ని అందరూ తల్లుల మీదే వాడతారు. "వారం ఆగు, చెప్తాను" అని తప్పించుకున్నాను. నిజానికి ఆ వారంలో కొనేసేదాన్నే. కొనకపోవడానికి కారణం మంగళవారం నాటి వాన.

ఆ రోజు మా ఇంట్లో పనికి సాయంగా వచ్చే ఆవిడ పదిన్నరకి వచ్చింది. చీర తడిసిపోయి ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళది సింగ్‌నగర్. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. వానలో సైకిల్ మీద బడికి పోతుంటే ముందున్న ఆటో ఠక్కున ఆగిందట. ఆ పిల్ల బ్రేకు నొక్కింది. పిడి పూర్తిగా హ్యాండిల్‌కి తగిలే దాకా నొక్కింది. సైకిల్ మాత్రం ఆగలేదు. కాలు ఆనించబోతే చెప్పు జారి ఆటో వెనక కమ్మీకి గడ్డం కొట్టుకుంది. నాలుగు కుట్లు.

"పక్కన లారీ లేదు కాబట్టి సరిపోయిందమ్మగారూ" అంది, అంట్లగిన్నెలు ముందేసుకుంటూ.

ఆ సైకిల్ ఎవరిదో చెప్పాలి. మాదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ళ సైకిల్ రోజుల తరబడి నీళ్ళల్లోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక, మావాడు స్కూల్లో ఉన్నప్పుడు తొక్కిన పాత సైకిల్ మేడమీద ఉంటే దింపి ఇచ్చాం. ఆరేళ్ళు ఎండకి ఎండి వానకి తడిసిన సైకిల్. గాలి కొట్టించి, గుడ్డ పెట్టి తుడిచి, బెల్లు మోగుతోందో లేదో చూసి మరీ ఇచ్చాను. బెల్లు చూసినదాన్ని బ్రేకు చూడలేదు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని పుచ్చుకునేవాళ్ళకి చెబుతాం కదా. ఇచ్చేవాళ్ళు లెక్కపెట్టాలని ఎవరూ చెప్పరెందుకో!

ఆ సాయంత్రం సైకిల్‌ని మా వీధి చివరికి తెప్పించాను. అక్కడ వేపచెట్టు కింద ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆయన బ్రేకు రబ్బరు ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టి, "గోరుతో గుచ్చండమ్మా" అన్నాడు. గుచ్చాను. దిగలేదు. గాజుబిళ్ళలా మెరుస్తోంది. "ఇది రబ్బరు కాదు, రాయి" అన్నాడు. తరవాత వైరు లాగి చూపించాడు. పైన ప్లాస్టిక్ గొట్టం కొత్తదానిలాగే ఉంది, లోపల తీగంతా తుప్పు. పిడి నొక్కిన బలం సగం ఆ తుప్పులోనే చస్తుందట. ఇక రిమ్ము. తళతళలాడే ఇనప రిమ్ము. పైన క్రోమియం పూత. "పొడిగా ఉంటే ఎలాగో పట్టుకుంటుంది. తడిస్తే మాత్రం సబ్బుబిళ్ళని తడిచేత్తో పట్టుకున్నట్టే."

మావాడి సైకిల్‌ది అల్యూమినియం రిమ్ము. తడిలో ఇనప రిమ్ముకీ దానికీ చాలా తేడా ఉందని సైకిళ్ళ గురించి తెలిసిన వాళ్ళంతా ఒప్పుకునే మాటేనట. రబ్బరు పొర మీద నీటిని తుడిచి పట్టుకోవాలంటే రిమ్ముకి కాస్త గరుకుదనం ఉండాలి. పూత పూసిన ఇనుముకి అది లేదు. మెరుపు ఎక్కువ, పట్టు తక్కువ. కొంతమంది మనుషుల్లాగే.

అక్కడ నించుని నేను నేర్చుకున్నది ఇదీ. ఇలాంటి బ్రేకు అంటే ఒక వస్తువు కాదు, నాలుగు వస్తువుల కాపురం. రిమ్ము, దాన్ని పట్టుకునే రబ్బరు, ఆ రబ్బర్లని నొక్కే రెండు దవడలు, చేతి బలాన్ని దవడల దాకా మోసే వైరు. పద్దెనిమిది వేలు పెడితే మారేది ప్రధానంగా ఆ దవడలు. కొత్త రబ్బర్లు కూడా వస్తాయి, నిజమే. కానీ రబ్బర్లు విడిగా దొరుకుతాయి, వైరూ విడిగా దొరుకుతుంది. కాపురంలో ముగ్గురిని వదిలేసి ఒక్కడికి పట్టుబట్టలు పెడితే ఇల్లు నిలబడుతుందా?

"మీరు సిద్ధాంతాలు చెబుతున్నారు. తొక్కి చూశారా?" అని ఎవరైనా అడుగుతారని, తరవాతి ఆదివారం తొక్కించి చూశాను. ఆ జట్టులో ఖరీదైన బ్రేకులున్న కుర్రాణ్ణి కూడా టిఫినుకి పిలిచాను. మా వీధిలో తెల్లవారాక జనం తిరగకముందే రోడ్డుకి అడ్డంగా ముగ్గుపిండితో గీత గీశాను. గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత మీదికి ముందు చక్రం రాగానే బ్రేకు నొక్కాలి. మా వారు టేపు పట్టుకున్నారు. ఒక్కొక్కళ్ళు మూడేసి సార్లు.

ఖరీదైన బ్రేకులు పదడుగుల్లో ఆపాయి. మావాడి బ్రేకులు, ఉన్నవి ఉన్నట్టుగా, పదిహేను. మావాడి ముఖం వెలిగింది. "చూశావా అమ్మా?" అన్నాడు. ఆగమన్నాను. చెట్టు కింద ఆయన వచ్చి రబ్బర్లు మార్చాడు, వైర్లు మార్చాడు, రిమ్ము మీద పేరుకున్న నల్లటి జిడ్డుని తుడిచాడు. అరగంట పని. మళ్ళీ తొక్కాడు. పదకొండు అడుగులు. అంటే, పద్దెనిమిది వేలు చేసే పని ఐదడుగులైతే అందులో నాలుగడుగులు తొమ్మిది వందలకే వచ్చాయి. మిగిలిన ఒక్క అడుగు ఖరీదు పదిహేడు వేల చిల్లర. విజయవాడలో పటమట సెంటర్లో స్థలం కూడా అడుగు అంత పలకదేమో!

ఇది నేను మా వీధిలో చూసిన లెక్క. ప్రయోగశాలలో తీసింది కాదు. కానీ దీని వెనక ఉన్న సంగతి తొమ్మిదో తరగతి సైన్సే. బ్రేకు ఎంత గొప్పదైనా చివరికి సైకిల్‌ని ఆపేది రోడ్డు మీద టైరు పట్టు. వెనక చక్రం బిగుసుకుపోయి జారే దాకా నొక్కగల బ్రేకు ఉంటే వెనక అంతకు మించి సాధించేదేమీ లేదు. ముందు బ్రేకుని మరీ గట్టిగా పడితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ఆ హద్దు దాటాలని చూస్తే మనిషి హ్యాండిల్ మీదుగా బోర్లా పడతాడు. మామూలు బ్రేకుని మంచి రబ్బరుతో, మంచి వైరుతో ఉంచితే పొడి రోడ్డు మీద ఆ హద్దు దగ్గరికే తీసుకెళుతుంది. మిగిలిన డబ్బు దేనికి? పిడి మెత్తగా కదలడానికి, బరువు కొన్ని గ్రాములు తగ్గడానికి, నిగనిగకి.

ఇంకో లెక్క. గంటకి ఇరవై కిలోమీటర్లంటే సెకనుకి 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. అడ్డంగా గేదె వచ్చిందని కన్ను చూసి, బుర్ర గ్రహించి, వేళ్ళు పిడిని నొక్కేలోపు ఒక సెకను గడిచిందనుకోండి. బ్రేకు పని మొదలుపెట్టకముందే 18 అడుగులు పోయాయి. చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ సెకనుని ఒకటిన్నర చేసుకున్నవాడు మరో 9 అడుగులు పారేసుకున్నాడు. పాటలు ఆపడం ఉచితం. అందుకే దానికి ఫొటోలు, ప్రకటనలు ఉండవు.

మావాడు తేలిగ్గా ఒప్పుకోలేదు. "టూర్ డి ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండలు ఇలాంటి బ్రేకులతోనే దిగేవారమ్మా" అన్నాడు. నిజమే. 1903లో మొదలైన పోటీ అది. డిస్క్ బ్రేకులకి ఆ పోటీల్లో పూర్తి అనుమతి వచ్చింది 2018లోనే. అంతకు ముందు చాలా ఏళ్ళు ఎక్కువమంది రిమ్ముని పట్టుకునే బ్రేకులతోనే కొండలు దిగారు. కిలోమీటర్ల తరబడి దిగుతూ బ్రేకు పట్టుకుంటే ఆ వేగమంతా వేడిగా మారి రిమ్ము కాలిపోతుంది, అక్కడ దవడల గట్టితనం, రబ్బరు నాణ్యత ప్రాణం కాపాడతాయి. ఒప్పుకున్నాను. రేపు వాడు అనంతగిరి ఘాట్ల మీదో, శ్రీశైలం ఘాట్ మీదో మూటాముల్లెతో దిగుతానంటే నేనే ముందు డబ్బు తీస్తాను.

కానీ నాయనా, మనది కృష్ణా డెల్టా. ఇక్కణ్ణించి బందరు దాకా దాదాపు డెబ్భై కిలోమీటర్లు తొక్కినా దారిలో దిగుడు అంటే కాలవ వంతెన దిగుడే. మన ప్రమాదాలు వేరు. దమ్ము చేసిన పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కి వదిలిన బురద. నల్లరేగడి, రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఇరుక్కుని ఆరితే అట్టు కట్టేస్తుంది. కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. కట్ట మీద ఒక పక్క కాలవ, దానికి గోడ ఉండదు. బందరు వైపు పోతే ఉప్పుగాలికి తుప్పు పట్టే వైర్లు. వీటికి జపాన్ దవడలు ఏం చేస్తాయి? వీటికి కావలసింది వారానికోసారి తడిగుడ్డ, ఏడాదికోసారి కొత్త వైరు, అరిగినా ఎండినా వెంటనే మార్చే రబ్బరు. నా చిన్నప్పుడు మా ఊరి కాలవకట్ట మీద మా నాన్నగారి ఇనప కడ్డీల బ్రేకు సైకిల్‌ని ఆయన ప్రతి ఆదివారం బోర్లించి చేసిన పని అదే. దానికి ఎవరూ మెయింటెనెన్స్ అని పేరు పెట్టలేదు.

ఇప్పుడు అసలు కోపం సంగతికి వస్తాను. ఇంతసేపూ చెప్పింది లెక్క.

"ప్రాణం కన్నా డబ్బెక్కువా?" అన్న మాట మన ఇళ్ళల్లో ఎప్పుడెప్పుడు వినిపిస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కొత్త వస్తువు కొనేటప్పుడే వినిపిస్తుంది. ఉన్న వస్తువుని బాగుచేయించేటప్పుడు వినపడదు. నా స్కూటీ బ్రేకు మూడు నెలలుగా కీచుమంటోంది. ప్రతి రోజూ దాని మీదే కూరలకి పోతున్నాను. మా ఇంట్లో నా ప్రాణం గురించి ఎవరూ సామెత చెప్పలేదు. ఐదేళ్ళకోసారి మార్చాలని దాని మీదే రాసి ఉన్న గ్యాస్ రబ్బరు గొట్టం ఏడో ఏడు నడుస్తోంది. అక్కడా చెప్పలేదు. ఇక మేం ఇచ్చిన సైకిల్ మీద వానలో బడికి పోతున్న ఆ పిల్ల సంగతి సరేసరి. ఆమె ప్రాణానికి మా ఇంట్లో కట్టిన ఖరీదు గాలి కొట్టించిన పది రూపాయలు.

అదే వారంలో పదిహేను అడుగుల్లో ఆగుతున్న సైకిల్‌ని పదడుగుల్లో ఆపడానికి పద్దెనిమిది వేలు పెట్టబోయాం. అసలు ఆగని సైకిల్‌కి ఏమీ పెట్టలేదు. నేను తప్పుపట్టేది పిల్లాణ్ణి కాదు. లెక్క చూసే అలవాటున్న నన్నే. ప్రాణం పేరు చెప్పి ఖర్చు పెడుతున్నప్పుడు, ఎవరి ప్రాణం, ఎక్కడ ఎక్కువ ప్రమాదంలో ఉంది అని అడగాలి కదా? అడగకుండా పర్సు తీస్తే అది జాగ్రత్త కాదు, ముచ్చట.

ముచ్చటకి నేను వ్యతిరేకిని కాను. మంగళగిరి పట్టుచీర కొనుక్కున్నప్పుడు చలికి కొన్నానని ఎవరికీ చెప్పను. ముచ్చటపడి కొన్నానని చెబుతాను, చీటీ డబ్బులు వచ్చినప్పుడు కొంటాను. మావాడికీ అదే చెప్పాను. "నీకు ఆ బ్రేకులు బాగున్నాయి, స్నేహితుల దగ్గర ఉన్నాయి, నీకూ కావాలి. అలా చెప్పు, తప్పులేదు. నీ సంపాదనలో మొదటి జీతంతో కొనుక్కో. నా భయాన్ని పెట్టుబడిగా పెట్టి మాత్రం కొనకు."

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మామూలైపోయాడు. 

అంకుశం గురించి మా వారికి జవాబు బాకీ ఉన్నాను కదా. ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వాల్సిందే, ఒప్పుకుంటాను. కాకపోతే అంకుశం ఇనపది చాలు. బంగారంది చేయిస్తే ఏనుగు ఎక్కువగా మాట వినదు.

చివరికి మేం పెట్టిన ఖర్చు ఇది. మావాడి సైకిల్‌కి వానకి పనికొచ్చే మెత్తటి రబ్బర్లు, కొత్త వైర్లు, రూ.900. ఆ పిల్ల సైకిల్‌కి రెండు చక్రాలకీ ఇనప రిమ్ములు తీయించి అల్యూమినియం రిమ్ములు, వాటికి రబ్బర్లు, వైర్లు, కూలితో సహా రూ.2,600. నా స్కూటీ బ్రేకుకి రూ.450. గ్యాస్ గొట్టం రూ.200 లోపే. అన్నీ కలిపినా ఐదువేలు దాటలేదు. నాలుగు చోట్ల నలుగురికి బ్రేకు పడింది.

సైకిల్ తిరిగి ఇస్తుంటే వాళ్ళమ్మ, "మళ్ళీ ఎందుకమ్మగారూ, సైకిల్ ఇచ్చినప్పుడే చాలా చేశారు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అప్పుడు సగమే ఇచ్చాను" అన్నాను. ఆవిడకి అర్థమైందో లేదో. ఆ పిల్ల మాత్రం అక్కడే సైకిలెక్కి వీధి చివరి దాకా పోయి వచ్చి, నా కాళ్ళ ముందు కీచుమనకుండా ఆపింది. గడ్డం మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది.

మీ మేడమీద కూడా ఒక పాత సైకిల్ ఉండే ఉంటుంది. ఎవరికైనా ఇచ్చే ఆలోచన ఉంటే తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేముందు రెండు రిమ్ముల మీదా చెంబెడు నీళ్ళు పోసి, మీరే ఎక్కి, బ్రేకు నొక్కి చూడండి. చీరలో ఇబ్బందైతే పిల్లల్ని ఎక్కించకండి, సైకిల్‌ని నడిపిస్తూ నొక్కి చూసినా తెలుస్తుంది. బెల్లు తరవాత చూసుకోవచ్చు.